చదివిన ప్రమాదాలు, ఎక్కవలసిన గుర్రం

పెద్ద వయసులో గుర్రపు స్వారీ మొదలుపెట్టిన వారిలో ఒక సంగతిని చాలాకాలంగా గమనిస్తున్నాను. ఒక్కసారి కూడా కింద పడనివారు, తాము ఎక్కిన గుర్రం ఎంత నెమ్మదైనదో తెలిసినవారు సైతం జీను మీద కూర్చోగానే బిగుసుకుపోతారు. ఏమైందని అడిగితే ఆ గుర్రం గురించి ఒక్క మాటా చెప్పరు. జీనుకు వేలాడే రికాబులో కాలు ఇరుక్కున్న రౌతును గుర్రం మైదానమంతా ఈడ్చుకుపోయిన సంగతి, ప్లాస్టిక్ సంచి ఎగిరినందుకు బెదిరిన గుర్రం మీదినుంచి పడి నడుము విరగగొట్టుకున్న ఎవరో అపరిచితురాలి సంగతి, పదిహేనేళ్ళు స్వారీ చేసిన మనిషి ఒక్కసారి పడటంతో గుర్రాలకు శాశ్వతంగా దూరమైన సంగతి వరుసగా చెబుతారు. అవన్నీ చదివినవి, విన్నవి. వారి కింద నిలబడి ఉన్న గుర్రానికి వాటిలో దేనితోనూ సంబంధం లేదు.

నాకూ ఆ భయం కొత్తది కాదు. ఇతరుల అనుభవాలు తెలుసుకోవడం మానేయమని నేను ఎవరికీ చెప్పను, ఎందుకంటే గుర్రాల విషయంలో నాకు తెలిసినదానిలో సగం ఇతరుల దెబ్బల నుంచి వచ్చినదే. అయితే ఇతరుల కథ మన చేతికి ఒక పని చెప్పగలిగినప్పుడే దానివల్ల కలిగిన ఆందోళనకు విలువ ఉంటుందని, ఏ పనీ చెప్పలేని ఆందోళన రౌతు మనసులో ఆగకుండా గుర్రం వీపు దాకా దిగిపోతుందని ఇన్నేళ్ళలో నాకు స్థిరపడిన అభిప్రాయం.

ముందుగా, కథలుగా మిగిలే సంఘటనల స్వభావాన్ని చూడాలి. గంటసేపు ప్రశాంతంగా స్వారీ చేసి, గుర్రాన్ని తోమి, డెక్కల్లో ఇరుక్కున్న మట్టి తీసి, దాణా పెట్టి ఇంటికి వెళ్ళిన రోజు గురించి ఎవరూ రాయరు, రాసినా చదివేవారు ఉండరు. పడిన రోజు గురించి మాత్రం పడినవారూ చెబుతారు, చూసినవారూ చెబుతారు, విన్నవారు మరో రెండు మాటలు కలిపి చెబుతారు. ఒక సంఘటన ఎంత తరచుగా జరుగుతుందో అంచనా వేయవలసి వచ్చినప్పుడు మనిషి లెక్కలు వెతకడని, అలాంటి ఉదాహరణ మనసుకు ఎంత తేలికగా తడితే అది అంత తరచుగా జరుగుతుందని నమ్ముతాడని ఏమస్ ట్వెర్స్కీ, డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లోనే వివరించారు. స్వారీ చేసేవారి విషయంలో ఈ సూత్రం మరీ బలంగా పనిచేస్తుంది, ఎందుకంటే మనం చేసిన మామూలు స్వారీలు మనకే గుర్తుండవు గానీ ఎవరో పడిన తీరు మాత్రం కళ్ళకు కట్టినట్టు ఉంటుంది.

నటుడు క్రిస్టఫర్ రీవ్ ప్రమాదాన్ని తీసుకోండి. 1995 మే 27న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జరిగిన పోటీలో ఆయన గుర్రం ఒక అడ్డంకి ముందు హఠాత్తుగా ఆగిపోయింది. ఆయన ముందుకు దూసుకుపోయి తలకిందులుగా నేలను తాకారు. మెడలోని మొదటి రెండు వెన్నుపూసలు దెబ్బతిని, మెడ కింది శరీరమంతా చచ్చుబడిపోయింది. ఇన్నేళ్ళు గడిచినా గుర్రం అనగానే ఈ ప్రమాదాన్ని గుర్తుచేసేవారు నాకు ఇప్పటికీ తారసపడుతూనే ఉంటారు. ఆయన పాల్గొన్నది క్రాస్ కంట్రీ పందెమని, అందులో వేగంగా పరుగెత్తుతూ కదలని గట్టి అడ్డంకులను దూకవలసి ఉంటుందని వారికి తెలియదు. కంచె లోపల, ఇసుక నేల మీద, నడక నుంచి ట్రాట్ అనే నెమ్మది పరుగుకు మారడం నేర్చుకుంటున్న మనిషికి ఎదురయ్యే ప్రమాదం వేరు, ఆ పోటీలో ఉన్న ప్రమాదం వేరు. కథ మాత్రం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంది.

ఇంత చెప్పినంత మాత్రాన భయమంతా భ్రమ అని నేను అనడం లేదు. మామూలు స్వారీ గుర్రం బరువు అటూ ఇటూగా ఐదు వందల కిలోలు ఉంటుంది. అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు కనుక అనుమానం రాగానే ముందు పరుగెత్తి తరువాత ఆలోచించేలా దాని శరీరం రూపొందింది. తలకు రెండు పక్కలా ఉన్న కళ్ళతో దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి సరిగ్గా ముందు కాస్త చోటు, తోక వెనుక కాస్త చోటు తప్ప మిగిలినదంతా దాని చూపులోనే ఉంటుంది. అందువల్ల రౌతు చూడని పొద కదలిక దానికి కనిపిస్తుంది. అది పక్కకు గెంతిన క్షణంలో పైన ఉన్న మనిషి ఎంత అనుభవం ఉన్నవాడైనా కింద పడవచ్చు. దీన్ని కప్పిపుచ్చి, గుర్రం మనల్ని ప్రేమిస్తే ఏమీ కాదని చెప్పే పుస్తకపు మాటల కంటే ప్రమాదాల కథలే నిజాయితీ గలవి.

అలాంటి కథ ఒకటి స్వారీ ప్రపంచాన్నే మార్చింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో, గుర్రం చేత లయబద్ధమైన కదలికలు చేయించే డ్రెసాజ్ విభాగంలో అమెరికా తరఫున పాల్గొన్న కోర్ట్నీ కింగ్-డై 2010 మార్చిలో శిక్షణలో భాగంగా స్వారీ చేస్తుండగా గుర్రం కాలు తడబడి పడిపోయింది. ఆమె తలకు రక్షణ లేదు. పుర్రె పగిలి, కొన్ని వారాలు కోమాలో ఉండిపోయారు. ఆ రోజుల్లో డ్రెసాజ్ పోటీల్లో పైస్థాయి రౌతులు పొడవాటి నల్ల టోపీ పెట్టుకోవడమే మర్యాదగా ఉండేది, హెల్మెట్ అంటే కొత్తవారికే అన్న చిన్నచూపు ఉండేది. ఆ ప్రమాదం తరువాత హెల్మెట్ల కోసం పెద్ద ప్రచారం మొదలైంది. చివరికి అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య తన పోటీల్లో హెల్మెట్‌ను 2021 నుంచి అందరికీ తప్పనిసరి చేసింది. ఈ కథలో గుర్రం చెడ్డదేమీ కాదు, రౌతుకు నైపుణ్యం తక్కువేమీ కాదు, పరుగు కూడా పెద్దదేమీ కాదు. కాలు తడబడింది, అంతే. ఇది చదివినవారు హెల్మెట్ పట్టీ బిగిస్తారు, ఒకసారి నేలకు గట్టిగా తగిలిన హెల్మెట్‌ను పైకి బాగానే కనిపించినా మార్చేస్తారు. ఆ తరువాత దాని గురించి రాత్రంతా ఆలోచించవలసిన అవసరం ఉండదు.

ఏ పనీ చెప్పని కథల సంగతి వేరు. "నమ్మకమైన గుర్రమే, ఎందుకో ఉన్నట్టుండి ఎగిరింది, నాలుగు పక్కటెముకలు విరిగాయి" అని ముగిసే వాక్యంలో తెలుసుకోవలసినది ఏమీ లేదు. ఆ గుర్రం ఎన్ని రోజులుగా శాలలోనే కట్టివేసి ఉందో, జీను సరిపోయిందో లేదో, గాలి ఎలా ఉందో, రౌతు అంతకు ముందు ఏం చేస్తున్నాడో ఒక్కటీ చెప్పరు. కారణం పోయి ఫలితం ఒక్కటే మిగిలిన కథను మనసు ఏ మూలనైనా అంటించుకోగలదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

ఈ అరువు భయం గుర్రానికి ఎలా చేరుతుందన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే విషయం. భయం వేసినప్పుడు మనిషి శరీరం ముడుచుకుంటుంది. భుజాలు ముందుకు వంగుతాయి, మోకాళ్ళు జీనును పట్టేస్తాయి, మడమలు పైకి లేస్తాయి, పగ్గాలు పట్టుకున్న చేతులు పొట్ట దగ్గరికి వచ్చేస్తాయి, ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆగిపోతుంది. చూపు గుర్రం చెవుల మధ్య నుంచి దాని మెడ మీదికి, అక్కడి నుంచి నేల మీదికి దిగిపోతుంది. ఇవన్నీ మనకు అసంకల్పిత కదలికలే అయినా గుర్రానికి ఒక్కొక్కటీ ఒక్కొక్క ఆజ్ఞ. కాళ్ళు బిగిస్తే ముందుకు సాగాలని, పగ్గాలు లాగితే ఆగాలని నేర్చుకున్న జంతువుకు ఆ రెండూ ఒకేసారి అందుతాయి. చర్మం మీద ఈగ వాలితే సరిగ్గా ఆ చోటునే చర్మాన్ని అదిరించగల జంతువు తన వీపు మీద డెబ్బై కిలోల మనిషి ఊపిరి బిగబట్టడాన్ని గమనించకుండా ఉంటుందని అనుకోలేం. అది తల ఎత్తుతుంది, వీపు గట్టిపరుస్తుంది, అడుగులు పొట్టివవుతాయి. పైన ఉన్న మనిషి ఆ మార్పు చూసి, తాను చదివినది జరగబోతున్నదని రుజువు దొరికినట్టు మరింత బిగుసుకుంటాడు. మొదట భయపడింది ఎవరన్నది ఆ తరువాత తేల్చడం కష్టం.

దీనికి సంబంధించి స్వీడన్‌లో లిండా కీలింగ్, ఆమె సహచరులు చేసి 2009లో ప్రచురించిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. మనుషులకూ గుర్రాలకూ గుండె వేగాన్ని కొలిచే పరికరాలు అమర్చి, ఒక చోటు నుంచి మరో చోటికి నాలుగు సార్లు నడవమన్నారు. కొందరు గుర్రాన్ని నడిపించారు, కొందరు ఎక్కి స్వారీ చేశారు. నాలుగోసారి బయలుదేరే ముందు, ఈసారి గుర్రం దాటుతుండగా ఒక గొడుగు తెరుస్తామని మనుషులకు చెప్పారు. నిజానికి ఎవరూ గొడుగు తెరవలేదు. అయినా ఆ నాలుగో నడకలో మనుషుల గుండె వేగం పెరిగింది, వారితో ఉన్న గుర్రాల గుండె వేగమూ పెరిగింది. గొడుగు సంగతి గుర్రాలకు తెలిసే అవకాశమే లేదు. మాటగా మాత్రమే ఉన్న ప్రమాదం, జరగని ప్రమాదం, మనిషి ద్వారా గుర్రం గుండెకు చేరింది. ప్రమాదాల కథలు చదివి నేరుగా శాలకు వెళ్ళే రౌతు, ఎవరూ చెప్పకుండానే తన గొడుగును తానే వెంట తీసుకువెళుతున్నాడన్న మాట.

స్వారీ ఉన్న రోజుకు ముందు రాత్రి నేను ప్రమాదాల గురించి చదవకపోవడానికి ఇదే కారణం. చదవవలసినది ఉంటే స్వారీ లేని రోజుల్లో, చేతిలో కాగితం పెట్టుకుని చదువుతాను. ఆ కథ నుంచి చేయదగిన పని ఏదైనా దొరికితే రాసుకుంటాను, దొరకకపోతే అక్కడే వదిలేస్తాను. రికాబులో కాలు ఇరుక్కున్న కథ నుంచి నాకు దొరికినది మడమ ఉన్న బూటు, పాదానికి సరిపడా వెడల్పైన రికాబు, అవసరమైతే పాదాన్ని విడుదల చేసే రకం రికాబు గురించిన సమాచారం. గుర్రం చేయిదాటి పరుగెత్తిన కథ నుంచి దొరికినది ఒక పక్క పగ్గంతో మెడను క్రమంగా వంచి, వెనుక కాళ్ళను పక్కకు తిప్పించి వేగాన్ని చంపే పద్ధతి. దీన్ని మొదట నిలబడి ఉన్న గుర్రం మీద, తరువాత నడకలో, శిక్షకుల సమక్షంలోనే సాధన చేయాలి. పూర్తి వేగంలో ఒక్కసారిగా లాగితే గుర్రమే బోర్లా పడే ప్రమాదం ఉంది. రెండు కాళ్ళూ రికాబుల నుంచి తీసి ఒక్క ఊపులో కిందికి దూకేయడం కూడా అలా సాధన చేసినదే. వీటిలో ఏదీ గొప్ప విద్య కాదు. కానీ చేతులకు అలవాటైన పని ఒకటి ఉందన్న ఎరుక ఊపిరిని కిందికి దించుతుంది, అది నేను నా శరీరంలోనే గమనించాను.

గుర్రాన్ని సొంతంగా పెంచేవారి ఆందోళన మరో రకం. వారిని పడటం కంటే గుర్రానికి జబ్బు చేయడం ఎక్కువ వేధిస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని కడుపులోకి వెళ్ళినది పేగుల గుండానే పోవాలి. అందుకే కోలిక్ అని పిలిచే కడుపునొప్పి దానికి కొన్ని గంటల్లోనే ప్రాణాంతకం కావచ్చు. ఈ ఒక్క వాక్యం చదివిన యజమాని ఆ తరువాత గుర్రం పడుకున్నా ఉలిక్కిపడతాడు, మట్టిలో దొర్లినా ఉలిక్కిపడతాడు, తల తిప్పి ఒకసారి పక్క చూసుకున్నా ఫోన్ అందుకుంటాడు. గుర్రాలు నిలబడి కునుకు తీయగలవు గానీ గాఢమైన కలల నిద్ర కోసం పడుకోవలసిందే. మట్టిలో దొర్లడం వాటికి ఆనందం. ఆందోళన పడవలసినవి వేరే ఉన్నాయి: మేత ముట్టకపోవడం, పదే పదే నేలను గీరడం, పొట్ట వైపు మళ్ళీ మళ్ళీ చూసుకోవడం, లేచి పడుకుని మళ్ళీ లేవడం, చెమటలు పట్టడం, పేడ తగ్గిపోవడం. ఇవి కనిపిస్తే ఎవరి అనుభవాలూ చదువుతూ కూర్చోకుండా వెంటనే పశువైద్యుడిని పిలవాలి.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద గుర్రం గుండె విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్ల వరకు కొట్టుకుంటుంది, శరీర ఉష్ణోగ్రత 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఈ అంకెలను కంఠస్థం చేయడం కంటే మన గుర్రానికి మామూలు రోజున ఎంత ఉంటుందో కొలిచి రాసుకోవడం ఎక్కువ ఉపయోగం. దవడ కింది రక్తనాళం మీద వేలు పెట్టి లెక్కించడం చేతనైన యజమాని, ఇరవై మంది అపరిచితుల అభిప్రాయాలు చదివిన యజమాని కంటే నిబ్బరంగా ఉండటం నేను చూశాను.

సగం చదువు ఎలా కలత పెడుతుందో చెప్పడానికి ఇంకొక ఉదాహరణ ఉంది. ఇంగ్లాండుకు చెందిన పశువైద్యురాలు సూ డైసన్, ఆమె సహచరులు స్వారీ సమయంలో గుర్రానికి నొప్పి ఉందో లేదో గుర్తించడానికి 24 ప్రవర్తనలతో ఒక పట్టికను రూపొందించి 2018లో ప్రచురించారు. చెవులు వెనక్కి పెట్టడం, తోక విసరడం, నోరు తెరవడం, తల ఎగరవేయడం, తడబడటం వంటివి అందులో ఉన్నాయి. ఈ పట్టిక రావడం మేలే, ఎందుకంటే ఎన్నో గుర్రాలను మొండివని తిట్టి కొట్టిన చరిత్ర మనుషులకు ఉంది. అయితే ఆ పట్టిక చెప్పేది 24లో 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ కనిపించినప్పుడు కండరాలలోనో ఎముకలలోనో నొప్పి ఉండే అవకాశం ఎక్కువ అని. పైగా వాటిలో కొన్నింటికి కాలపరిమితి ఉంది. చెవులు వెనక్కి ఉండటాన్ని లెక్కించాలంటే అవి కనీసం ఐదు సెకన్లు అలా ఉండాలి. ఇదంతా వదిలేసి "తోక విసిరితే నొప్పి ఉన్నట్టే" అన్న ఒక్క ముక్క చేతులు మారుతూ వస్తుంది. ఈగలు ముసిరే వేళ ఆ ముక్క గుర్తుచేసుకున్న రౌతుకు తాను గుర్రాన్ని హింసిస్తున్నానన్న అపరాధభావం తప్ప మరేమీ మిగలదు. ఎనిమిది గానీ అంతకు మించి గానీ లెక్క తేలితే మాత్రం స్వారీ ఆపి వైద్యుడికి చూపించవలసిందే, అక్కడ ధైర్యం గురించి మాట్లాడటానికి ఏమీ లేదు.

భయపెట్టే కథల గురించే ఇంతసేపూ చెప్పాను గానీ ధైర్యం చెప్పే కథలూ అమాయకమైనవి కావు. పడిన వెంటనే మళ్ళీ ఎక్కాలి, లేకపోతే భయం పాతుకుపోతుందన్న సలహా ప్రతి శాలలోనూ వినిపిస్తుంది. పడి మోకాలు గీరుకుపోయినంత మాత్రమే అయితే అది సరిపోవచ్చు. తలకు దెబ్బ తగిలి ఉంటుందన్న అనుమానం ఉన్నా ఆ రోజు మళ్ళీ ఎక్కకూడదు, వైద్యుడు చూడాలి. మెదడు అదిరిన లక్షణాలైన తలనొప్పి, వాంతి, తికమక, జరిగినది గుర్తులేకపోవడం కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు. విరిగిన చేయితో స్వారీ పూర్తి చేశానని గొప్పగా చెప్పుకునేవారి మాటలు విని, ట్రాట్‌కే వణికే తాను ఈ విద్యకు పనికిరానని మానేసినవారు నాకు తెలుసు. వారిని భయం కంటే సిగ్గే శాల నుంచి వెళ్ళగొట్టింది.

ఆత్మవిశ్వాసం ఎక్కడి నుంచి వస్తుందన్న దాని గురించి ఆల్బర్ట్ బందూరా 1977లో చెప్పినది ఇక్కడ పనికివస్తుంది. నేను చేయగలను అన్న నమ్మకానికి నాలుగు మూలాలు ఉన్నాయని ఆయన అన్నారు. స్వయంగా చేసి సాధించడం, ఇతరులు చేయడం చూడటం, ఇతరుల మాటలు, మన శరీరం ఇచ్చే సంకేతాలు. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే. ఇతరులను చూసి నేర్చుకునేటప్పుడు కూడా వారు మనలాంటివారు అయినప్పుడే ఆ నమ్మకం మనకు అంటుకుంటుంది. చిన్ననాటి నుంచి గుర్రాల మధ్య పెరిగిన మనిషి దూకడం చూసి నలభై ఏళ్ళ కొత్త రౌతుకు వచ్చే ధైర్యం తక్కువే. తన వయసే ఉన్న మరొకరు, నిన్న తనలాగే జూలు పట్టుకుని వణికినవారు, ఇవాళ ఊపిరి వదులుతూ ఒక వలయం పూర్తి చేయడం చూస్తే వచ్చే ధైర్యం ఎక్కువ. రాసినా చదివేవారు ఉండరని మొదట్లో నేను అన్న మామూలు రోజులను రాసిపెట్టుకోవడం అందుకే మొదలుపెట్టాను. ఇవాళ ఏ గుర్రం, ఏం చేశాం, ఎక్కడ బిగుసుకున్నాను, ఎలా వదులైంది అన్న నాలుగు వాక్యాలు చాలు. నెలలు గడిచాక తిరగేస్తే ప్రశాంతంగా గడిచిన స్వారీలే పేజీలకు పేజీలు కనిపిస్తాయి. చదివిన ప్రమాదాలకు ఎదురు నిలబెట్టడానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం అదే.

మెట్టు దిగడాన్ని ఓటమిగా చూడకపోవడం కూడా అవసరం. కాంటర్ అనే ఇంకా వేగమైన పరుగు భయపెడితే ట్రాట్‌కు, అదీ భయపెడితే నడకకు, అదీ కాకపోతే శిక్షకులు పొడవైన తాడు పట్టుకుని వలయంలో తిప్పే స్థితికి వెళ్ళవచ్చు. అప్పుడు గుర్రాన్ని అదుపుచేసే పని మరొకరిది కాబట్టి రౌతు తన ఊపిరి మీద, నడుము మీద మాత్రమే దృష్టి పెట్టగలడు. గుర్రం మెడ చుట్టూ ఒక తోలు పట్టీ కడితే తడబడినప్పుడు పగ్గాలకు బదులు దాన్ని పట్టుకోవచ్చు, గుర్రం నోరు బతుకుతుంది. బిగ్గరగా లెక్కపెట్టడమో, కూనిరాగం తీయడమో చేస్తే ఊపిరి బిగబట్టడం కుదరదు. పక్కవారు నవ్వితే నవ్వనివ్వండి.

భయం సరైన మాటే చెబుతున్న సందర్భాలు కూడా ఉంటాయి. ఇతరుల కథలతో నిమిత్తం లేకుండా, ఒక ప్రత్యేకమైన గుర్రం మీద మాత్రమే, ఒక ప్రత్యేకమైన చోట మాత్రమే, మళ్ళీ మళ్ళీ అదే భయం కలుగుతున్నదంటే ఆ గుర్రం ఆ రౌతు స్థాయికి మించినది కావచ్చు, లేదా దానికి ఎక్కడో నొప్పి ఉండవచ్చు. అరువు భయం ఏ గుర్రం ఎక్కినా వెంట వస్తుంది, ఈ భయం గుర్రం మారగానే పోతుంది. రెండింటినీ వేరుచేయడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు తెలియదు. ఆ తేడా తెలిశాక, జీను సరిపోతున్నదేమో చూడమని శిక్షకులను అడగడం, అంతవరకు ఆ గుర్రంతో నేల మీద నుంచే పని చేయడం, స్వారీకి మరో గుర్రాన్ని ఇమ్మనడం పిరికితనం కిందికి రావు. నేను నేర్చుకున్న శాలలో ఆ మాట అడిగినవారిని ఎవరూ కారణం చెప్పమని నిలదీయలేదు. మరుసటి తరగతికి పలకమీద వారి పేరు పక్కన మరో గుర్రం పేరు రాసి ఉండేది.